గుట్టలకు బయలుదేరే మేనకోడలికి

జయనగర్, బెంగళూరు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వేంపల్లె, పులివెందుల వైపు శిలాపొరల పటం గీసే పని నీకు అప్పగించారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. వెంటనే నా పాత నోటుపుస్తకాలు బయటికి తీశాను. అక్కడ నేను చేసిన పొరపాటు నువ్వు చెయ్యకూడదు.

ఆ రోజుల్లో ఉపగ్రహ చిత్రంలో ఒక వెడల్పాటి తెల్ల పట్టీ చూసి, మందమైన క్వార్ట్జైట్ (ఇసుకరాయి గట్టిపడి మారిన రాయి) పొర అనుకుని గదిలోనే గీత గీసేశాను. తీరా ఆ వాలు ఎక్కితే కాళ్ల కింద రాళ్లు జారుతున్నాయి. పైనున్న గట్టి పొర విరిగి దొర్లిన ముక్కలవి. పక్కనే వాన నీరు కోసిన చిన్న వంకలో దిగి సుత్తితో గీరితే షేల్, అంటే బురద గట్టిపడిన మెత్తని రాయి, పలుచని రేకుల్లా ఊడి చేతిలోకి వచ్చింది. నా పటంలో క్వార్ట్జైట్ మందంలో సగానికి పైగా ఉత్త రాళ్ల కుప్పే! ఉపగ్రహానికి కనిపించేది పైనున్న కప్పు మాత్రమే. అందుకే పొర అంచును వంక కోసిన చోటే ఖాయం చేసుకో.

యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 తీసే చిత్రాలు ఉచితంగానే దొరుకుతాయి. వాటిలో మామూలు రంగులకు ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్లు, కంటికి కనిపించని షార్ట్‌వేవ్ పరారుణ కిరణాలకు 20 మీటర్లు. సన్నని పొరలు అందులో కలిసిపోతాయి. డోలమైట్‌నీ (మెగ్నీషియం ఉన్న, సున్నపురాయి లాంటి రాయి) షేల్‌నీ విడదీయడానికి టెర్రా ఉపగ్రహం మీది ఆస్టర్ పరికరం చిత్రాలు మేలు. అయితే దాని షార్ట్‌వేవ్ భాగం 2008లో పాడైంది, అంతకు ముందువే తీసుకో. డిసెంబరు, జనవరి చిత్రాల్లో ఎండ ఏటవాలుగా పడి గుట్టల అంచులు తేటగా తెలుస్తాయి.

ఇక అసలు సంగతి. గుల్చెరు క్వార్ట్జైట్, పులివెందుల క్వార్ట్జైట్ అనే రెండు పొరలు చిత్రంలో అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. రంగు చూసి పేరు పెట్టకు. కింద ఏముంది, పైన ఏముంది అని అడుగు. గుల్చెరు కింద గ్రానైట్, నైస్ (చారలున్న గట్టి పాత రాయి) ఉంటాయి, పైన వేంపల్లె డోలమైట్. పులివెందుల కింద అదే డోలమైట్, పైన తాడిపత్రి షేల్. ఇది తేలాలంటే పొర వెంబడి నడిస్తే చాలదు, నైరుతి నుంచి ఈశాన్యానికి పొరలకు అడ్డంగా నడవాలి. అలా నడిచిన రెండు దారుల మధ్య పొరను కలపడంలోనే చిత్రం నిజంగా అక్కరకొస్తుంది. ఆ మధ్యలో గుట్ట వరుస ఉన్నట్టుండి తెగి పక్కకు జరిగితే మాత్రం చిత్రాన్ని నమ్మి గీత కలపకు, అక్కడికి వెళ్లి చూడు. అది భ్రంశం, అంటే పొరలు విరిగి పక్కకు జరిగిన పగులు, కావచ్చు.

పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా మరచిపోకు. సున్నపురాయి మీద చుక్క పడగానే బుసబుస పొంగుతుంది. డోలమైట్ అలా పొంగదు. కత్తితో గీకి, ఆ పొడి మీద వేసి ఓపికగా చూస్తే సన్నని బుడగలు లేస్తాయి.

వెళ్లే ముందు ఒక ఆదివారం ఇక్కడికి రా, లాల్‌బాగ్ బండ ఎక్కుదాం. దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటి ఆ నైస్‌ను చేత్తో తడిమి చూస్తే, గుల్చెరు అడుగున నీకు ఎదురయ్యే రాయిని వెంటనే పోల్చుకుంటావు. వచ్చేటప్పుడు నువ్వు నడవబోయే దారులు పటం మీద గీసి తీసుకురా. వంకలు లేని చోట గీశావేమో చూస్తాను.

ప్రేమతో,
మామయ్య