నెమ్ము చలి వల్ల రాదు తమ్ముడూ

నరసన్నపేట నుంచి అమ్మానాన్నలు డిసెంబర్‌లో షికాగో వస్తున్నారు, ఈ మంచుకి నెమ్ము చేస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది అని రాశావు. స్వెట్టర్లు, మంకీ టోపీలు కొన్నావు, మంచిదే. కానీ చూసుకోవాల్సింది వేరే ఉంది.

నెమ్ము, అంటే న్యుమోనియా, సూక్ష్మజీవుల వల్ల వస్తుంది. బ్యాక్టీరియాల్లో ఎక్కువగా పట్టుబడేది న్యుమోకోకస్. చాలామంది ముక్కులో, గొంతులో అది ఏ హానీ చేయకుండా పడి ఉంటుంది. ఫ్లూ వచ్చి గాలిగొట్టాల లోపలి పొర దెబ్బతింటే దానికి దారి దొరుకుతుంది. నిద్రలో గొంతులోంచి జారే తడితో పాటు కిందికి దిగుతుంది. గాలి నిండాల్సిన సన్నటి తిత్తుల్లో నీరు, చీము చేరతాయి. ఊపిరి తీస్తున్నా ఒంటికి చాలినంత ఆక్సిజన్ అందదు. చలికాలంలో తలుపులు బిగించుకుని అందరం ఒకే గదిలో ఉంటాం, ఫ్లూ తిరిగేదీ అప్పుడే. అందుకే నేరం చలి మీద పడింది.

మా నాన్నగారు సోంపేట నుంచి అమెరికా వచ్చిన మూడో వారంలో ఫ్లూ వచ్చి తగ్గింది. నాలుగు రోజులకి పొద్దున్నే మంచం మీద కూర్చుని, "టెక్కలి బస్సు వెళ్లిపోయిందేటి?" అని అడిగారు. కాఫీ గ్లాసు చేతిలోనే ఉంది, తాగడం మర్చిపోయారు. జ్వరం లేదు, దగ్గు కూడా అంతంతే. నిద్ర చాల్లేదనుకున్నాం. సాయంత్రం పొట్ట ఎగసిపడుతుంటే గడియారం చూసి ఊపిరి లెక్కపెట్టాను. నిమిషానికి 32 సార్లు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగం తెల్లగా కమ్మేసింది. ఆయన కోలుకున్నారు కానీ, ఆ పగలంతా పోగొట్టానన్న బాధ నాకింకా ఉంది. పెద్దవాళ్లలో జ్వరం కంటే ముందు మాట తడబడొచ్చు, అన్నం సయించకపోవచ్చు.

ఆసుపత్రి కాగితాల్లో ‘కమ్యూనిటీ అక్వైర్డ్’ అని రాస్తారు. ఆసుపత్రిలో ఉండగా అంటుకున్నది కాదు, బయట ఉండగా వచ్చిందని, అంతే.

65 దాటినవాళ్లకి, షుగరు, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లకి, పొగతాగేవాళ్లకి ముప్పు ఎక్కువ. మీ నాన్నగారికి షుగరు అన్నావు, అది అదుపులో ఉందో లేదో ముందే చూపించు. మీవాళ్లలో ఎవరైనా కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు వాళ్లుంటే కిడ్నీ రిపోర్టులు కూడా తెచ్చుకోమను. కిడ్నీ దెబ్బతింటే ఒంటికి రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది, కొన్ని మందుల మోతాదులూ మారతాయి. ఇంకో మాట. మన తీరం ఊళ్లలో పెద్ద వయసు ఆడవాళ్లు కొందరు అడ్డపొగ తాగుతారు, అంటే చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీలుస్తారు. డాక్టరు అడిగితే సిగ్గుపడి లేదంటారు. ఆ అలవాటు ఇంట్లో ఉంటే నువ్వే చెప్పాలి.

ఫ్లూ టీకా, న్యుమోకోకల్ టీకా బయలుదేరడానికి కనీసం రెండు వారాల ముందు డాక్టరుని అడిగి అక్కడే వేయించు. వేలికి పెట్టే ఆక్సిమీటరు ఒకటి కొని ఉంచు. ఆక్సిజన్ 92కి దిగినా, ఊపిరి నిమిషానికి 30 దాటినా, మాట తేడాగా వచ్చినా తెల్లారేదాకా ఆగకు, 911కి ఫోన్ చెయ్యి. ఇన్సూరెన్సు సంగతి తర్వాత చూసుకోవచ్చు.