సర్టిఫికెట్ ఉంటే శిక్షణ ఇచ్చినట్టేనా?

ప్రశ్న: జీడిమెట్లలో మాది టోలుయిన్ వంటి ద్రావకాలు వాడే చిన్న రసాయన పరిశ్రమ. 40 మంది కార్మికుల్లో సగం మంది ఒడిశా, బిహార్‌ల నుంచి కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారు. ఒక పూట ఆన్‌లైన్ క్లాసు చెప్పి, అందరికీ భద్రతా శిక్షణ సర్టిఫికెట్లు ఇస్తామని ఒక ఏజెన్సీ అంటోంది. చట్టరీత్యా అది సరిపోతుందా?

జవాబు: సరిపోదు. శిక్షణ బాధ్యతను చట్టం ఆక్యుపయర్‌పై, అంటే మీపై పెట్టింది. ఏజెన్సీకి డబ్బు కట్టినంత మాత్రాన అది వారికి బదిలీ కాదు. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర ప్రక్రియల గురించి కార్మికులకు సమాచారం ఇవ్వడాన్ని యాజమాన్యానికి విధిగా, భద్రతా శిక్షణ పొందడాన్ని కార్మికునికి హక్కుగా చేశారు. 2025 నవంబరు 21న వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చి ఆ చట్టం స్థానంలో నిలిచినా, ఈ బాధ్యత తొలగలేదు. ప్రమాదకర రసాయనాలపై 1989 నాటి కేంద్ర నిబంధనలు కూడా సమాచారం, శిక్షణ, విరుగుడు మందులతో సహా అవసరమైన పరికరాలు అందించాలని చెబుతున్నాయి. కాంట్రాక్టు కార్మికులు పనిచేసేది మీ ఆవరణలోనే కనుక వారి భద్రతను కాంట్రాక్టరుకు వదిలేయడం కుదరదు.

అర్థం కాని భాషలో చెప్పిన పాఠం కోర్టులో శిక్షణగా నిలబడటం కష్టం. ప్రమాదం జరిగాక దర్యాప్తు అధికారి సర్టిఫికెట్ చూసి ఊరుకోడు; టోలుయిన్ డ్రమ్ము వంచేముందు, నిప్పురవ్వ పుట్టకుండా స్థిర విద్యుత్తును నేలలోకి పంపే ఎర్తింగ్ క్లిప్పు ఎక్కడ తగిలించాలో నీకు ఎవరైనా చూపించారా అని కార్మికుణ్నే అడుగుతాడు. ట్యాంకులో తోటివాడు స్పృహతప్పి పడిపోతే ఏం చేయాలన్నది అంతకంటే ముఖ్యం, ఎందుకంటే కాపాడాలని వెనకే దిగినవాడూ ప్రాణాలు పోగొట్టుకున్న ఘటనలు మళ్లీ మళ్లీ జరుగుతున్నాయి. ఆక్సిజన్ లేనిచోట మామూలు ఫిల్టరు మాస్కు పనికిరాదని, బయటి నుంచి గాలి అందించే పరికరం లేకుండా దిగకూడదని వారికి తెలిసిన హిందీలోనో ఒడియాలోనో చెప్పి, చేయించి చూడాలి.

2020 మే 7న విశాఖలో స్టైరీన్ ఆవిరి లీకైనప్పుడు సైరన్ మోగించలేదని ప్రభుత్వం నియమించిన హైపవర్ కమిటీ గుర్తించింది. మీ దగ్గర రాత్రి షిఫ్టులో సైరన్ మీట నొక్కాల్సింది ఎవరో, అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదని అతనికి తెలుసో లేదో ఈ వారమే కనుక్కోండి.

శిక్షకుణ్ని ఎంచుకునేటప్పుడు, ముందుగా ఫ్యాక్టరీకి వచ్చి ఒక షిఫ్టు చూస్తాడా, మీ రసాయనాల సేఫ్టీ డేటా షీట్ల (ఒక్కో రసాయనం ప్రమాదాలు, జాగ్రత్తలు తెలిపే పత్రాల) ఆధారంగానే పాఠం తయారుచేస్తాడా అని అడగండి. ఈ రెండింటికీ ఒప్పుకోనివారిని పెట్టుకోవద్దు. కొత్తవారికి పనిలోకి దింపకముందే, రసాయనం గానీ యంత్రం గానీ మారినప్పుడు సంబంధిత కార్మికులందరికీ మళ్లీ శిక్షణ ఇప్పించండి. తేదీ, భాష, నేర్పిన విషయం, కార్మికుడు స్వయంగా చేసి చూపిన పని రిజిస్టరులో రాయించి, సంతకమో వేలిముద్రో తీసుకోండి.

ప్రాణనష్టం జరిగి, నిర్లక్ష్యం రుజువైతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద 5 ఏళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. అటువంటి కేసులో నిజాయితీగా నిర్వహించిన రిజిస్టరు మీకు అక్కరకొస్తుంది. పరిహారం విషయంలో మాత్రం దానిమీద ఆశ పెట్టుకోకండి. ప్రమాదకర పరిశ్రమ ఎంత జాగ్రత్త తీసుకున్నా బాధితులకు పరిహారం చెల్లించాల్సిందేనని ఢిల్లీలోని శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం అనే ఆమ్లపు ఆవిరి లీకైన కేసులో సుప్రీంకోర్టు 1986లోనే తేల్చిచెప్పింది.