డబ్లిన్‌లో ఉత్తరాలు వెతకబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మార్గరెట్ కజిన్స్ ఉత్తరాల కోసం నెల రోజులు డబ్లిన్‌లో ఉండబోతున్నానని రాశావు. చాలా సంతోషమైంది. మదనపల్లెలో పెరిగిన పిల్లవు. 1919లో రవీంద్రుడు మన ఊరికి వచ్చినప్పుడు జనగణమనకు స్వరాలు రాసిపెట్టడంలో తోడ్పడిన ఆ కజిన్స్ పుట్టిన ఐర్లాండ్‌కు వెళ్తున్నావు. అక్కడి పాత కాగితాల మధ్య కొంతకాలం గడిపినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ఒక మనిషి రాసిన ఉత్తరాలు ఆ మనిషి పెట్టెలో ఉండవు. రాసినవి వెళ్లిపోతాయి, వచ్చినవే ఇంట్లో మిగులుతాయి. ఇంత చిన్న సంగతి తట్టక మొదటి ప్రయాణంలో నేను వారం రోజులు పోగొట్టుకున్నాను. నాకు కావలసిన మనిషి పేరే పట్టుకుని జాబితాలన్నీ తిరగేశాను. దొరికినవన్నీ ఆయనకు అవతలివాళ్లు రాసినవి. ఆయన మాట ఒక్కటీ లేదు. ఆయన స్నేహితుల పేర్లతో వెతకడం మొదలుపెట్టాకే ఆయన గొంతు వినిపించింది.

అందుకని నువ్వు కజిన్స్ పేరు దగ్గర ఆగకు. 1908లో ఆమెతో కలిసి ఐరిష్ స్త్రీల ఓటు హక్కు సంఘాన్ని స్థాపించిన హన్నా షీహీ స్కెఫింగ్టన్ కాగితాలు కిల్డేర్ స్ట్రీట్‌లోని నేషనల్ లైబ్రరీలో ఉన్నాయి. అక్కడ మొదలుపెట్టు. వాటి వివరాల జాబితాను ఇంటి దగ్గరే చదివి, కావలసిన కట్టల సంఖ్యలు రాసుకుని మరీ బయలుదేరు.

రెండో తోవ సర్కారుది. 1913 జనవరిలో, అప్పటి బ్రిటిష్ పాలనకు కొలువైన డబ్లిన్ కోట కిటికీ అద్దాలు పగలగొట్టినందుకు కజిన్స్‌కు నెల రోజుల శిక్ష పడింది. టల్లమోర్ జైలులో నిరాహార దీక్ష చేసింది. ఆ కాలపు జైళ్ల బోర్డు దస్త్రాలు, వాటిలో ఓటు హక్కు ఖైదీల కాగితాలు, బిషప్ స్ట్రీట్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. స్నేహితురాలికి రాసే తీరు వేరు, జైలు అధికారి పైవాడికి రాసుకునే తీరు వేరు. ఒకే వారం గురించిన రెండూ దొరికితే పక్కపక్కన పెట్టి చదువు.

సర్కారు ఉత్తరాన్ని తప్పకుండా వెనక్కి తిప్పి చూడు. మడతపెట్టిన కాగితం వీపు మీద గుమాస్తా తేదీ, విషయం రాస్తాడు. దాని కింద అధికారి గీకిన ఒకటి రెండు మాటలుంటాయి. లోపల నాలుగు పుటల మొర ఏమైందో ఆ రెండు మాటల్లోనే తెలుస్తుంది.

ఐర్లాండ్‌లో బ్రిటిష్ పాలన నడిపిన చీఫ్ సెక్రటరీ కార్యాలయం కాగితాల్లోకి దిగితే ఓపిక కావాలి. వచ్చిన ప్రతి ఉత్తరానికీ ఆ ఏటి వరుస సంఖ్య వేసి రిజిస్టరులో ఎక్కించేవారు. అదే విషయం మీద మరో ఉత్తరం వస్తే పాత దస్త్రాన్ని తీసి కొత్త సంఖ్య కింద చేర్చేవారు. పాత సంఖ్యతో అడిగితే ఏమీ దొరకదు. రిజిస్టరు పట్టుకుని సంఖ్య వెంట సంఖ్య నడుస్తూ చివరిదానికి చీటీ రాయాలి. ఈ కాగితాలు మిగలడమే అదృష్టం. 1922 జూన్ 30న డబ్లిన్ న్యాయస్థానాల సముదాయం ఫోర్ కోర్ట్స్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు తగలబడి శతాబ్దాల పత్రాలు బూడిదయ్యాయి. ఇవి అప్పటికి డబ్లిన్ కోటలో ఉండబట్టి బతికాయి.

ఇంకా పాత ఉత్తరాలు చేతికొస్తే బెదరకు. 1840కి ముందు తపాలా ఖర్చు దూరాన్నీ కాగితాల సంఖ్యనూ బట్టి ఉండేది. అందుకే పుట నిండాక కాగితాన్ని అడ్డం తిప్పి, రాసిన వరుసల మీదుగానే మళ్లీ రాసేవారు. చూడగానే చాప అల్లికలా ఉంటుంది, కళ్లు తిరుగుతాయి. ఒకే దిశ వరుసల మీద చూపు నిలిపి, పెదవులు కదుపుతూ చదువు. కాసేపటికి రెండో దిశ తనంతట తాను వెనక్కి తగ్గుతుంది.

పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిళ్లు పెట్టుకో. ఫోటో తీస్తే ముందు కట్ట సంఖ్య రాసిన చీటీని తీసి, తర్వాత ఉత్తరాన్ని తియ్యి. “మంగళవారం” అని మాత్రమే ఉన్న ఉత్తరం దొరికితే కవరు మీది ముద్ర చూడు.

టల్లమోర్ కాగితాల్లో ఆవిడ సొంత చేతిరాత కనిపిస్తే ఆ పుట నకలు నాకు పంపు. నా కళ్లజోడు కొత్తదే, చదవగలను.

మీ పెదనాన్న