రెప్ప మూసుకుపోకముందే

అమ్మాయీ,

క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీ వేశారనీ, తలకు దెబ్బ తగిలి కన్ను నల్లగా ఉబ్బిన వాళ్లను చూస్తే చేతులు ఆడడం లేదనీ రాశావు. నాకు కొత్తలో భయమే వేయలేదు. అందుకే తప్పు చేశాను.

ఒకతను మెట్ల మీద నుంచి పడి వచ్చాడు. ఎడమ రెప్పలు వాచి అతుక్కుపోయాయి. నెత్తురు తుడిచి, ఐసు పెట్టి, కేసు షీటులో 'రెప్ప వాపు' అని రాసి పక్క మంచం దగ్గరికి వెళ్లాను. "సిస్టర్, కన్ను లోపలి నుంచి తోసుకొస్తున్నట్టుంది" అన్నాడు. నొప్పి ఉంటుందిలే అన్నాను. అరగంటకు డాక్టరుగారు రెప్ప ఎత్తి టార్చి వేస్తే అతనికి వెలుగే తెలియలేదు. కనుగుడ్డు వెనక నెత్తురు చేరింది. కంటి గూడు ఎముకల గిన్నె కదా, ముందుకు తప్ప ఎటూ సాగదు. గుడ్డు పొడుచుకొచ్చి రాయిలా బిగుసుకుంటుంది, చూపు నరానికి రక్తం అందదు. గంటన్నర, రెండు గంటలు దాటితే చూపు మీద ఆశ తగ్గిపోతుంది. ఆయన స్కాన్ కోసం ఆగలేదు. కంటి బయటి మూలలో మత్తు సూది ఇచ్చి, అక్కడ రెప్పను పట్టి ఉంచే బంధాన్ని కోసి ఒత్తిడి వదిలించారు. చూపు వచ్చింది. ఆ రెండు మాటల నా రాత మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఊపిరి, మెడ, స్పృహ ముందు చూడాలి. కన్ను ఎంత భయపెట్టినా ఆ వరస మార్చకు. ఆ వెంటనే, వాపు ముదరకముందే, రెప్ప తెరిచి చూడు. పై రెప్పను కనుబొమ ఎముకకు ఆనించి ఎత్తాలి, గుడ్డు మీద వేలు పడకూడదు. ఒక్కో కంటితో వేళ్లు లెక్కపెట్టించి, కనిపించినవి ఎన్నో, అప్పుడు టైం ఎంతో రాయి. కనుపాప ఒక పక్కకు లాగినట్టున్నా, నల్లటి పొర బయటికి వచ్చినా గుడ్డు చిరిగిందేమోనని అనుమానించి చెయ్యి తీసేయి. కడగవద్దు, చుక్కలు వద్దు, దూది కట్టు అసలే వద్దు. ఎముక మీద ఆనేలా గట్టి మూత పెట్టు. అది లేకపోతే పేపర్ కప్పు అడుగు కత్తిరించినా చాలు. వాంతి వస్తే కంటి మీద ఒత్తిడి పెరుగుతుంది, అందుకని వాంతి ఆగే మందు అడుగు.

గుడ్డు బాగుంటేనే ఐసు. గుడ్డలో చుట్టి, కనుబొమ మీదా చెంప మీదా పది పదిహేను నిమిషాలు. తల వైపు 30 డిగ్రీలు ఎత్తు. మెడకు దెబ్బ తగిలిందేమోనని అనుమానం ఉంటే మెడ వంచకుండా, తల వైపు పైకి ఉండేలా మంచమంతా ఏటవాలుగా పెట్టాలి. నొప్పికి పారాసెటమాల్ చాలు, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వద్దు. రక్తం పలచబడే మందులు వాడుతున్నారా అని ఇంటివాళ్లను తప్పక అడుగు.

ఇక ఆ నలుపు సంగతి. నుదుటికి దెబ్బ తగిలితే తల చర్మం కింది నెత్తురు మర్నాటికి రెప్పల్లోకి దిగుతుంది. నుదుటి కండరం కింది అంచు ఎముకకు అతుక్కుని ఉండదు మరి. ఇది చాలాసార్లు దానంతటదే పోతుంది. కానీ కళ్లకు దెబ్బే లేకుండా ఒకటి రెండు రోజుల్లో రెండు కళ్ల చుట్టూ నల్లటి వలయాలు వస్తే పుర్రె అడుగు ఎముక విరిగిందేమోనని అనుమానించు. చెవి వెనక కమిలిందేమో చూడు. ముక్కులోంచి నీళ్లలా కారుతుంటే అది మెదడు చుట్టూ ఉండే నీరు కావచ్చు. ముక్కులో గాజుగుడ్డ కుక్కవద్దు, ముక్కు ద్వారా గొట్టం వేయనివ్వవద్దు.

పిల్లల విషయంలో ఒక మెలిక ఉంది. కన్ను తెల్లగా, శుభ్రంగానే ఉంటుంది, పిల్లవాడేమో వాంతులు చేసుకుంటుంటాడు, నాడి నెమ్మదిస్తుంది, పైకి చూడమంటే ఏడుస్తాడు. అందరూ తల దెబ్బే అనుకుంటారు. కంటి గూడు అడుగున విరిగిన ఎముకలో కండరం ఇరుక్కుని ఉండవచ్చు. స్కాన్‌లో తల ఒక్కటే కాదు, కంటి గూడు కూడా తీయమని గుర్తుచేయి.

ఇంటికి పంపేటప్పుడు నలుపు చెంప మీదికి జారుతుందనీ, పచ్చబడి పసుపు రంగుకు తిరిగి రెండు వారాల్లో పోతుందనీ ముందే చెప్పు, లేకపోతే హడలిపోతారు. ముక్కు చీదవద్దని చెప్పు. ఎముక విరిగి ఉంటే గాలి రెప్పలోకి ఎక్కి, వేలు పెడితే కరకరలాడుతుంది. చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనిపించినా, నొప్పి పెరిగినా, మగతగా ఉన్నా, మళ్లీ వాంతులైనా వెంటనే రమ్మను. ఇవన్నీ దెబ్బ తగిలిన వాళ్లతో కాదు, రాత్రంతా పక్కన కూర్చునే వాళ్లతో చెప్పు.

టార్చి మాత్రం నీదే జేబులో పెట్టుకో. వార్డు టార్చిలో అవసరానికి బ్యాటరీలు ఉండగా నేను చూడలేదు.

నీ పెద్దమ్మ