నాణెం మీది డాక్టరుగారు

ప్రశ్న: మా అబ్బాయి మారిషస్ వెళ్లి వస్తూ అక్కడి రూపాయి నాణేలు కొన్ని తెచ్చాడు. అన్నిటి మీదా ఒకే పెద్దాయన బొమ్మ ఉంది. పేరు చూస్తే మన దేశం మనిషేమో అనిపిస్తోంది. ఆయన ఎవరో దయచేసి చెప్పగలరా? (విశాఖపట్నం పాఠకురాలు)

జవాబు: ఆయన సర్ శివసాగర్ రామ్‌గులాం, స్వతంత్ర మారిషస్ తొలి ప్రధానమంత్రి. నాణెం మీది రోమన్ అక్షరాలను కూడబలుక్కుంటే ఆ పేరు కాస్త వింతగా పలుకుతుంది గాని, అది మనమెరిగిన శివసాగరే. చెరకు తోటల్లో పనికి వచ్చిన మనవాళ్ల పేర్లను ఆ దీవిలోని గుమాస్తాలు తమ చెవికి ఎలా వినబడితే అలా రాసుకోవడంతో చాలా పేర్లు ఇలాగే రూపు మారిపోయాయి. 1987కు ముందు ఆ నాణేల మీద ఎలిజబెత్ రాణి బొమ్మ ఉండేది.

ఆయన తండ్రి మొహీత్ బీహారులోని హరిగావ్ నుంచి 1896లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఒప్పంద కూలీగా అక్కడికి చేరుకున్నారు. శివసాగర్ 1900 సెప్టెంబరు 18న ఫ్లాక్ జిల్లాలోని బెల్ రీవ్ అనే ఊళ్లో పుట్టారు. ఏడేళ్ల వయసులో తండ్రి పోయారు, పన్నెండో ఏట పశువుల పాకలో జరిగిన ప్రమాదంలో ఎడమ కన్ను పోయింది. అయినా చదువు ఆగలేదు. క్యూర్‌పీప్‌లోని రాయల్ కాలేజీలో చదివి, కొన్నాళ్లు గుమాస్తా ఉద్యోగం చేసి, 1921లో వైద్యం చదవడానికి లండన్ వెళ్లారు. అక్కడే పద్నాలుగేళ్లు ఉండిపోయి, విప్లవంతో కాక క్రమంగా సంస్కరణలతోనే సమసమాజం తేవాలనే ఫేబియన్ సోషలిస్టుల ఆలోచనలను వంటబట్టించుకుని, 1935లో తిరిగి వచ్చి పోర్ట్ లూయీలో వైద్యం మొదలుపెట్టారు. రాజకీయాల్లో ఎంత ఎదిగినా ఆయన ‘డాక్టరుగారు’గానే మిగిలారు, వయసు మళ్లాక ‘చాచా’ అయ్యారు.

ప్రశ్న: మారిషస్‌లో తెలుగువాళ్లు కూడా ఉన్నారు కదా. ఆయన రాజకీయ జీవితంతో వాళ్లకు సంబంధం ఏమైనా ఉందా? (కాకినాడ పాఠకుడు)

జవాబు: ఉంది, అదీ మన లిపితోనే ముడిపడిన సంబంధం. 1834 నుంచి 1910 దాకా భారతదేశం నుంచి ఆ దీవికి దాదాపు నాలుగున్నర లక్షల మంది ఒప్పంద కూలీలు వెళ్లారు. వారిలో గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల వాళ్లు చాలామంది మీ కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచే ఓడ ఎక్కారు. సింహాద్రి అప్పన్న పూజలను, రామభజనలను వారి మునిమనవళ్లు ఇప్పటికీ జరుపుకుంటున్నారు, ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం.

ఇంత జనం ఉన్నా 1947 వరకు ఆస్తి, ఆదాయం ఉన్నవారికే ఓటుండేది కాబట్టి, వోటర్లు పన్నెండు వేలు దాటలేదు. తోటల యజమానులైన కొద్దిపాటి ఫ్రెంచి కుటుంబాల మాటే శాసనమండలిలో చెల్లుబాటయ్యేది. 1940 నుంచి నామినేటెడ్ సభ్యుడిగా ఆ మండలిలో ఉన్న రామ్‌గులాం, ఓటు హక్కును విస్తరించాలని అక్కడ, ‘అడ్వాన్స్’ పత్రికలో ఏళ్ల తరబడి వాదించారు. చివరికి 1947 నాటి కొత్త రాజ్యాంగం, దీవిలో వాడుకలో ఉన్న ఏదో ఒక భాషలో చిన్న చిన్న వాక్యాలు చదివి రాయగలిగిన ప్రతి వయోజనుడికీ ఓటు ఇవ్వవచ్చునని ఒప్పుకుంది, ఆ భాషల జాబితాలో తెలుగూ ఉంది. పగలంతా చెరకు కొట్టి వచ్చిన కూలీలు రాత్రిపూట ‘బైఠకా’ అనే పాకబడుల్లో అక్షరాలు దిద్దుకున్నారు. ఆ బడుల ఉద్యమాన్ని నడిపించిన ఘనత మాత్రం రామ్‌గులాంది కాదు, వాసుదేవ్ విష్ణుదయాళ్‌ది, ఆ సంగతిని మరుగున పెట్టకూడదు. 1948 ఎన్నికల నాటికి వోటర్లు డెబ్బై వేలు దాటారు. సంతకం బదులు వేలిముద్ర వేయడానికి అలవాటుపడిన మనిషి, తన పేరును తెలుగులో రాసి ఓటు సంపాదించుకున్న రోజు అది.

ప్రశ్న: జైలుకు వెళ్లకుండా, పెద్ద పోరాటమేదీ చేయకుండా స్వాతంత్ర్యం తెచ్చిన మనిషిని జాతిపిత అనడం అతిశయోక్తి కాదా? (హైదరాబాదు పాఠకుడు)

జవాబు: జైలు శిక్షలతో నాయకులను తూచడం మనకు అలవాటు, మన చరిత్ర అలాంటిది. మారిషస్‌లో చిక్కుముడి వేరు. అక్కడ బ్రిటిషువాళ్లను వెళ్లగొట్టడం కష్టం కాలేదు, వాళ్లు వెళ్లిపోయాక హిందువుల పాలన కింద తమ గతి ఏమవుతుందోనని భయపడిన మిగతావాళ్లకు భరోసా ఇవ్వడమే కష్టమైంది. 1967 ఆగస్టు 7 ఎన్నికలు దాదాపు ఈ ఒక్క ప్రశ్న మీదే జరిగాయి. రామ్‌గులాం నాయకత్వంలోని లేబర్ పార్టీ, ఆయనకు ఒకప్పటి ప్రత్యర్థి, వాసుదేవ్ సోదరుడు అయిన సుఖదేవ్ విష్ణుదయాళ్ పార్టీ, అబ్దుల్ రజాక్ మొహమ్మద్ నడిపిన ముస్లిం పార్టీ కలిసి పోటీచేసి గెలిచాయి గాని, స్వాతంత్ర్యం వద్దన్న గేటాన్ దువాల్ పక్షానికి ఇంచుమించు 44 శాతం ఓట్లు పడ్డాయి. 1968 జనవరిలో పోర్ట్ లూయీలో మత ఘర్షణలు చెలరేగి, బ్రిటిషు సైన్యాన్ని పిలిపించవలసి వచ్చింది. గాంధీజీ దండియాత్ర ప్రారంభించిన తేదీని గుర్తుచేసుకుంటూ మార్చి 12న గుర్రప్పందాల మైదానంలో జెండా ఎగరేసినప్పుడు దేశం సగం కోపంతోనే ఉంది.

ఆ మరుసటి ఏడాదే ఆయన తన ప్రభుత్వంలోకి దువాల్‌ను పిలిచి, విదేశాంగ శాఖ అప్పగించారు. ఓడిపోయిన పక్షాన్ని పక్కన కూర్చోబెట్టుకోవడం ఆయన స్వభావం, దానినే కొందరు చతురత అన్నారు, కొందరు పదవీలాలస అన్నారు. జనాభా పెరుగుదలను, చెరకొక్కదాని మీదే ఆధారపడిన ఆర్థిక వ్యవస్థను చూసి ఆ దేశానికి భవిష్యత్తు లేదని ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ 1961లోనే తేల్చేసిన సంగతి గుర్తుపెట్టుకుంటే, 1970లో ఎగుమతి పరిశ్రమల మండలాల చట్టం, 1977 నుంచి ఉచిత మాధ్యమిక విద్య ఎంత బరువైన నిర్ణయాలో తెలుస్తుంది. అయితే ఉచిత విద్య దయతో దిగివచ్చిన వరమేమీ కాదు, 1975 మేలో విద్యార్థులు వీధుల్లోకి వచ్చిన తరువాతే అది వచ్చింది.

ప్రశ్న: స్వాతంత్ర్యం కోసం ఆయన చాగోస్ దీవులను అమ్మేశారని ఒక చర్చలో విన్నాను. నిజమేనా? (విజయవాడ పాఠకురాలు)

జవాబు: ‘అమ్మేశారు’ అన్న మాట న్యాయం కాదు, ‘ఆయనకేమీ తెలియదు’ అన్న సమర్థనా నిలవదు. చాగోస్ అంటే హిందూ మహాసముద్రంలో, అప్పట్లో మారిషస్‌లో భాగంగా ఉన్న చిన్న దీవుల గుంపు. 1965 సెప్టెంబరులో లండన్‌లో రాజ్యాంగ చర్చలు జరుగుతుండగా బ్రిటిషు ప్రధాని హెరాల్డ్ విల్సన్ ఆయనను ఏకాంతంగా పిలిపించారు. ఆ సమావేశానికి ముందు విల్సన్‌కు ఆయన కార్యదర్శి రాసిచ్చిన చీటీ తరువాత బయటపడింది. స్వాతంత్ర్యం దొరకవచ్చునన్న ఆశ, దీవుల విషయంలో మొండికేస్తే దొరకకపోవచ్చునన్న భయం, రెంటినీ కలిపి ఆయన ముందు పెట్టడమే అందులోని ఎత్తు. ఆ దీవుల్లో పెద్దదైన డీగో గార్షియాలో అమెరికాకు సైనిక స్థావరం కావాలి, అందుకు దీవులను మారిషస్ నుంచి విడదీయాలి. మూడు మిలియన్ పౌండ్ల పరిహారానికి ఆయన సరేనన్నారు. నవంబరు 8న విభజన జరిగిపోయింది. 1968, 1973 మధ్య అక్కడి పదిహేను వందల మందికి పైగా నివాసులను ఓడలెక్కించి తరిమేశారు. వాళ్లలో చాలామంది పోర్ట్ లూయీ మురికివాడల్లో తేలారు.

వలస పాలకుడి బల్ల ముందు కూర్చున్న వలస దేశపు నాయకుడికి నిజమైన ఎంపిక ఉందా అన్నదే అసలు ప్రశ్న. అంతర్జాతీయ న్యాయస్థానం 2019 ఫిబ్రవరిలో ఇచ్చిన సలహా అభిప్రాయంలో, ఆ విభజన ప్రజల స్వేచ్ఛాపూర్వక సమ్మతితో జరగలేదని, బ్రిటన్ ఆ దీవుల పాలనను వీలైనంత త్వరగా ముగించాలని చెప్పింది. అయినా నాకు మింగుడుపడని విషయం ఒకటుంది: ఆ బేరంలో చాగోస్ వాసులను అడిగినవారు ఒక్కరూ లేరు, రామ్‌గులాం కూడా అడగలేదు. డీగో గార్షియాను బ్రిటన్‌కే కౌలుకివ్వాలన్న షరతుతో ఆ దీవులను మారిషస్‌కు అప్పగించే ఒప్పందం మీద 2025 మేలో మారిషస్ తరఫున సంతకం చేసిన ప్రధాని నవీన్ రామ్‌గులాం, ఆయన కుమారుడే.

ప్రశ్న: అంతటి నాయకుడు సొంత నియోజకవర్గంలోనే ఓడిపోయాడట. ఎందుకు? చివరి రోజులు ఎలా గడిచాయి? (వరంగల్ పాఠకుడు)

జవాబు: 1972లో జరగవలసిన ఎన్నికలను ఆయన 1976 దాకా వాయిదా వేశారు. సమ్మెలను అణచడానికి 1971 చివర అత్యయిక పరిస్థితి విధించి, పాల్ బెరాంజే వంటి ప్రతిపక్ష నాయకులను నిర్బంధించారు. 1976లో బెరాంజే పార్టీ అందరికంటే ఎక్కువ స్థానాలు గెలిచినా, దువాల్‌తో పొత్తు కలుపుకుని ఆయనే మళ్లీ ప్రధాని అయ్యారు. జనం ఆ లెక్క మరిచిపోలేదు. 1982 జూన్‌లో ప్రధాన దీవిలోని అరవై స్థానాలకు అరవై ప్రతిపక్షమే గెలుచుకుంది, 81 ఏళ్ల డాక్టరుగారు పాంప్లెమూస్‌–త్రియోలేలో ఓడిపోయారు. ఓటమిని మారుమాట లేకుండా ఒప్పుకుని పదవి దిగిపోయారు, అప్పటి ఆఫ్రికాలో అది అరుదైన సంగతి. ఏడాది తిరక్కుండానే గెలిచినవాళ్లు చీలిపోయారు. కొత్త కూటమిలోకి లేబర్ పార్టీ చేరగా, ఆయన 1984లో గవర్నర్ జనరల్, అంటే అప్పటికి దేశాధినేతగా ఉన్న బ్రిటిషు రాణి ప్రతినిధి, అయ్యారు. ఆ పదవిలో ఉండగానే 1985 డిసెంబరు 15న రెద్యీలోని అధికార నివాసంలో కన్నుమూశారు.

సమాధి పాంప్లెమూస్ ఉద్యానవనంలో ఉంది, ఆ వనానికీ, దేశపు విమానాశ్రయానికీ ఇప్పుడు ఆయన పేరే. విశాఖ పాఠకురాలి అబ్బాయి అక్కడి పెద్ద పెద్ద తామరాకులను చూసి వచ్చి ఉంటే, ఆ సమాధి పక్కగానే నడిచి ఉంటాడు.