గేలానికి కొత్త క్లిప్పు చేస్తున్న అల్లుడికి

అల్లుడూ, నువ్వు పంపిన ఫోటోలు చూశాను. గేలం మునగడానికి దారానికి కట్టే బరువు గుండు రాళ్ళ మధ్య ఇరుక్కుంటే, గేలం మొత్తం పోకుండా ఆ గుండు ఒక్కటే ఊడిపోయే క్లిప్పు, చాలా మంచి ఆలోచన. నాగావళిలో రాళ్ళ మధ్య గేలం వేసేవాళ్ళకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

అయితే గుండుని నాసి దారంతో కట్టి, ఇరుక్కుంటే అదొక్కటే తెగేలా చేయడం పాత పద్ధతే. ఇంగ్లండులో కార్ప్ చేపలు పట్టేవాళ్ళు గుండు ఊడే క్లిప్పులు కూడా ఎప్పటినుంచో వాడుతున్నారు. కాబట్టి నీది ఎందులో మేలో నువ్వు చెప్పగలగాలి. నాకు కనిపించేది ఒకటే. నాసి దారం ముడి వేసిన చేతిని బట్టి ఒకసారి ముందే తెగుతుంది, ఒకసారి అసలు తెగదు. నీ క్లిప్పు ప్రతిసారీ ఒకే బరువుకి ఊడాలి. విసిరేటప్పుడు పడే కుదుపుకి ఊడకూడదు, అసలు దారం తెగే బరువు కన్నా ముందే ఊడాలి, ఆ రెండింటి మధ్య ఉన్న కాస్త చోటులోనే నీ పనంతా.

ఇది చూడ్డానికి మిషన్లేమీ అక్కర్లేదు. క్లిప్పుని దూలానికి కట్టి కింద బకెట్ వేలాడదియ్యి, లీటరు చొప్పున నీళ్ళు పొయ్యి, లీటరంటే కిలో, బకెట్ బరువు కూడా కలుపుకుని ఎక్కడ ఊడిందో రాసుకో. అదే క్లిప్పుని తడి ఇసుకలో దొర్లించి మళ్ళీ చెయ్యి, రాత్రంతా ఉప్పునీళ్ళలో నానబెట్టి మళ్ళీ చెయ్యి. అసలు దారాన్ని కూడా ముడి వేసి ఇలాగే పరీక్షించు. ముడి బిగించే ముందు ఉమ్ముతో తడుపు, పొడిగా బిగిస్తే రాపిడికి వేడెక్కి నైలాన్ అక్కడే బలం కోల్పోతుంది, నీ లెక్కంతా తప్పుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. నీ క్లిప్పు పని చేసిన ప్రతిసారీ ఒక గుండు నీళ్ళలోనే ఉండిపోతుంది. అది సీసమైతే నేను ఒప్పుకోను. సీసం గుళ్ళు మింగి హంసలు చచ్చిపోతున్నాయని బ్రిటన్‌లో 1987లోనే చిన్న సీసం గుళ్ళ అమ్మకం ఆపేశారు. మన తేలినీలాపురానికి ఏటా ఎన్ని పక్షులొస్తాయో నీకు తెలుసు కదా. ఇనుము వాడు, పాత నట్టయినా సరే. సీసం సాంద్రత 11.3, ఇనుముది 7.8, అంటే అదే బరువుకి గుండు దాదాపు ఒకటిన్నర రెట్లు పెద్దదవుతుంది, ప్రవాహం ఎక్కువగా లాగుతుంది. బల్లపరుపుగా చేస్తే దొర్లదు.

పేటెంట్ ఆలోచన ఉంటే ఆ ఫోటోలు ఇంకెవరికీ పంపకు, దరఖాస్తుకి ముందే నలుగురిలో పడితే కొత్తదనం పోయిందంటారు. ముందు పేటెంట్ ఆఫీసు సైట్‌లో ఇలాంటిది ఉందేమో వెతుకు, ఉచితమే. లేకపోతే ప్రొవిజనల్ దరఖాస్తు, అంటే తాత్కాలిక దరఖాస్తు, వెయ్యి, పూర్తి వివరాలివ్వడానికి 12 నెలల టైమ్ ఉంటుంది.

దరఖాస్తు వేశాక కొన్ని క్లిప్పులు కళింగపట్నంలో గేలం వేసేవాళ్ళకి ఊరికే ఇచ్చెయ్యి. పక్కన నిలబడి నేర్పకు. చీకట్లో, తడి చేతులతో పెట్టలేకపోతున్నారంటే తప్పు వాళ్ళది కాదు, క్లిప్పు సైజు పెంచు.