గొడుగు ఇచ్చినాయన ఎలా వెళ్ళాడు?

చిరంజీవి అమ్మాయికి,

నీ ఒసాకా వ్యాసం రెండుసార్లు చదివాను. ఉమెదా స్టేషన్ కింద ఆ సొరంగాల్లాంటి దారుల్లో గంటసేపు తిరిగి పైకొస్తే జోరు వాన, ఫోన్‌లో చార్జింగ్ లేదు. అక్కడిదాకా నీ టెన్షన్ నాకూ పట్టుకుంది. ఆ తర్వాత "దేవుడిలా ఒకాయన వచ్చాడు" అన్నావు. నా పెన్సిల్ అక్కడే ఆగింది. దేవుడైతే వానలో తడవడు కదమ్మా. మనిషి తడుస్తాడు.

నా సంగతి చెబుతాను. చాలా ఏళ్ళ కిందట, శీతాకాలంలో, ఒక్కదాన్నే జార్జియా వెళ్ళాను. ఆ దేశ రాజధాని టిబిలిసిలో దిదుబే బస్టాండు నుంచి కజ్‌బేగీ అనే కొండ ఊరికి మార్ష్రూట్కా ఎక్కాను. మన షేర్ ఆటోకి అన్నలాంటి వ్యాను అది, నిండితేగానీ కదలదు. దారిలో జ్వారీ కనుమ ఉంటుంది, దాదాపు 2,400 మీటర్ల ఎత్తు. మంచు ఎక్కువైతే రోడ్డు మూసేస్తారు. ఆ రోజు మూసేశారు. పసనౌరి అనే ఊళ్ళో అందరినీ దింపేసి డ్రైవర్ ఏదో చెప్పాడు. బోర్డుల మీద అక్షరాలు మన తెలుగులాగే గుండ్రంగా ఉన్నాయి, ఒక్కటీ చదవలేను.

నా పక్క సీట్లో కూర్చున్న ముసలావిడ చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కుపోయింది. బల్ల మీద రొట్టె పెట్టి "పురి" అంది. వాళ్ళ భాషలో రొట్టెని అలాగే అంటారు. గోడ మీద ఫొటో చూపించి "మామ" అంది. ఆవిడ మేనమామ కాబోలు అనుకున్నాను. వాళ్ళకి మామ అంటే నాన్న అని తర్వాతెప్పుడో తెలిసింది. మాంసం తిననని సైగ చేస్తే విసుక్కుంటూనే రాజ్మా ఉడకబెట్టింది.

ఇదంతా తిరిగొచ్చాక రాశాను, అచ్చయింది కూడా. రాయనిది ఒకటుంది. ఆ రాత్రి పాస్‌పోర్టు, డబ్బులు స్వెటర్ లోపల దోపుకుని, తలుపుకి కుర్చీ అడ్డం పెట్టి పడుకున్నాను. తిండి పెట్టిన మనిషిని అనుమానించానని రాయడానికి సిగ్గేసింది. అందుకే నా వ్యాసంలో ఆవిడ క్యాలెండర్‌లో అన్నపూర్ణ బొమ్మలా తయారైంది. తెల్లారి చూస్తే, పొయ్యి దగ్గర ఆరేసిన నా నల్ల మేజోడు చిరుగుని ఎర్ర దారంతో కుట్టి పెట్టింది. అది కూడా వదిలేశాను, చిన్న విషయమని.

ఇంకొకటి రాయలేకపోయాను, ఎందుకంటే చూడలేదు. ఆ ఇంట్లో నాకు కనిపించిన మంచం ఒక్కటే. ఆవిడ ఎక్కడ పడుకుంది?

నీ వ్యాసంలో భయం ఎక్కడుందో నాకు దొరకలేదు. అంత రాత్రి ముక్కూమొహం తెలియని మగమనిషి పక్కన నడుస్తుంటే బ్యాగు ఏ చేత్తో పట్టుకున్నావు? చివర్లో "మానవత్వం ఇంకా బతికే ఉంది" అన్న వాక్యం తీసెయ్. మర్నాడు ట్యాక్సీవాడు నాలుగింతలు గుంజితే చచ్చిపోయిందని రాస్తావా? ఆయన ఫొటో కూడా వద్దు, అడక్కుండా తీసింది.

హోటల్ ఉన్న సందు మొదట్లో ఆ ప్లాస్టిక్ గొడుగు నీ చేతికిచ్చేసి వెనక్కి తిరిగాడన్నావు. అప్పటికి వాన తగ్గిందా? పరిగెత్తాడా, మెల్లగా నడిచాడా? గుర్తొస్తే రాసి పంపు. గుర్తు లేకపోతే, చూడలేదనే రాయి.

ఆశీస్సులతో.